యూరప్ నాగరికత: పొట్టి తలుపు కథ

(అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ నాకిచ్చిన అంశం యూరప్ నాగరికత, ఆదిమ కాలం నుంచి ఆధునిక కాలం దాకా. బడి పుస్తకంలో ఇది ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. గ్రీకులు ఆలోచించారు, రోమన్లు రోడ్లు వేశారు, మధ్యలో కొన్నాళ్లు చీకటి, తర్వాత పునరుజ్జీవనం, ఆవిరి యంత్రం, ప్రజాస్వామ్యం. మెట్టు మీద మెట్టు. పరీక్షకు ఇది చాలు. కానీ ఆ మెట్లు చెక్కినోడెవడు, వాడు ఏ తలుపులోంచి లోపలికి పోయేవాడు అని అడిగితే పుస్తకం నోరు మెదపదు. నేనీ పూట ఆ తలుపు గురించే మాట్లాడతాను.

ఆ తలుపు నిజంగా ఉంది. ఫ్రాన్సుకూ స్పెయిన్‌కూ నడుమ పిరనీస్ కొండలున్నాయి. అక్కడి పల్లెల్లో కొన్ని పాత చర్చీలకు పెద్ద వాకిలి కాక పక్కగోడలో ఇంకో తలుపు కనపడుతుంది. పొట్టిది, ఇరుకుది. తల వంచితేగానీ పట్టదు. కొన్నిచోట్ల రాళ్లు పేర్చి మూసేశారు. మూసిన ఆనవాలు మాత్రం గోడ మీద ఉంది.

దాని దగ్గరికి వెళ్లేముందు అదే కొండల్లో ఒక గుహ చూద్దాం. పేరు గార్గాస్. గోడల నిండా మనుషుల చేతుల గుర్తులు, ఎర్రవి, నల్లవి, 200 పైచిలుకు. చెయ్యి రాతికి ఆనించి చుట్టూ రంగు ఊదారు. సుమారు 27 వేల ఏళ్ల నాటివని అంచనా. చాలా చేతులకు వేళ్లు పొట్టిగా ఉన్నాయి, ఎందుకో తేలలేదు. పిల్లల చేతులు కూడా ఉన్నాయి. యూరప్ మనిషి వదిలిన తొలి సంతకాల్లో ఇవి కొన్ని. ఇందులో ఏది దొర చెయ్యి, ఏది కూలి చెయ్యి? చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఇంచుమించు 8,500 ఏళ్ల కిందట టర్కీ వైపు నుంచి వ్యవసాయం యూరప్‌లోకి వచ్చింది. గింజలొచ్చాయి, మేకలూ గొర్రెలూ వచ్చాయి. అంటే యూరప్ అన్నం కూడా బయటినుంచి వచ్చిందే! తర్వాత గాదెలొచ్చాయి, గాదెలకు కాపలా వచ్చింది, కాపలా పెట్టినోడు రాజయ్యాడు. ఈ ముక్క తొందరగా దాటేస్తున్నాను, మనకు తెలియంది కాదు గనక.

ఏథెన్స్ సంగతి రెండు మాటలు. క్రీ.పూ. 483లో లారియన్ గనుల్లో వెండి బాగా పడింది. ఆ సొమ్ముతో యుద్ధ నావలు కట్టారు, 480లో సలామిస్ దగ్గర పారసీకుల్ని ఓడించారు. ప్రజాస్వామ్యం బతికింది అంటారు. ఆ గనుల్లోకి దిగి తవ్వింది బానిసలు. ప్రజాసభలో బానిసకు చోటు లేదు, ఆడమనిషికీ లేదు. అరిస్టాటిల్ అంతటి పండితుడు బానిసను ప్రాణమున్న పనిముట్టు కింద లెక్కగట్టాడు. రోమ్‌లో స్పార్టకస్ క్రీ.పూ. 73లో తిరగబడితే, 71లో అణచివేసి, కాపువా నుంచి రోమ్ దాకా రోడ్డు పొడుగునా 6 వేల మందిని సిలువలకు కొట్టారు. రోమన్లు రోడ్లు వేశారని చదువుతాం గదా, ఆ రోడ్డు కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు పొట్టి తలుపు. నడియుగాల నుంచి పిరనీస్ పల్లెల్లో కాగోలు అనే మనుషులుండేవాళ్లు. వాళ్లూ క్రైస్తవులే, మిగతావాళ్ల భాషే మాట్లాడేవాళ్లు. రంగులో తేడా లేదు, మతంలో తేడా లేదు. అయినా ఊరికి ఎడంగా వేరే వాడ. చర్చికి వేరే తలుపు. లోపల వేరే చోటు. పవిత్ర జలానికి వేరే తొట్టి. కొన్నిచోట్ల ఆ నీళ్లు కర్ర చివరనుంచి అందించేవాళ్లట! వేరే శ్మశానం. కొన్ని ప్రాంతాల్లో బట్టల మీద బాతు పాదం ఆకారంలో ఎర్ర గుడ్డ కుట్టుకోవాలి. చెప్పుల్లేకుండా నేల తొక్కకూడదు, పాదం తగిలితే నేల చెడుతుందని. మన ఊళ్లలో చెప్పులు విప్పమన్నారు, అక్కడ తొడుక్కోమన్నారు. మాట వేరు, బుద్ధి ఒకటే.

ఎందుకీ వెలి అంటే తలా ఒక కారణం చెప్పారు. కుష్టు రోగుల సంతానమని కొందరు, గోతులనే పాత జాతివాళ్లని కొందరు, ముస్లిముల బిడ్డలని కొందరు. 1600లో టూలూజ్ వైద్యులు కొందరు కాగోల రక్తం తీసి చూసి జబ్బేమీ లేదని రాసిచ్చారు. వెలి మాత్రం పోలేదు. జబ్బు కోసం పెట్టిన వెలి అయితే గదా వైద్యుడి కాగితంతో పోయేది!

వాళ్లకు వదిలిన పని ముఖ్యంగా వడ్రంగం. గొప్ప పనివాళ్లు. 1379లో బెయార్న్ ప్రభువు గాస్తోన్ ఫెబ్యుస్ మోంటానే కోటకు కర్రపని కాగో వడ్రంగుల చేతనే చేయించుకున్నాడు. చర్చి కప్పుకు దూలాలు ఎక్కించిందీ వాళ్లే. దూలం ఎత్తేటప్పుడు అంటని మైల, ప్రార్థనకు వచ్చేటప్పుడు అంటింది.

వాళ్లు నోరు మూసుకుని పడి ఉన్నారనుకోకండి. నవార్రాలోని కాగోలు పోప్‌కు అర్జీ పెట్టుకున్నారు. 1515లో పోప్ పదో లియో వాళ్లను మిగతా విశ్వాసుల్లాగే చూడమని ఆజ్ఞ ఇచ్చాడు. ఊళ్లో పెద్దమనుషులు దాన్ని పట్టించుకోలేదు. కోర్టుల చుట్టూ తిరిగారు. 1683లో పద్నాలుగో లూయీ ఫ్రాన్సులో వాళ్లపై ఉన్న ఆంక్షలు కొట్టేశాడు. అయినా పల్లెల్లో వెలి ఆగలేదు. రోమ్ నుంచి ఆజ్ఞ, పారిస్ నుంచి శాసనం, రెండూ పల్లె పొలిమేర దగ్గర ఆగిపోయాయి. చర్చి రిజిస్టర్లలో పుట్టిన పిల్లల పేరు పక్కన కాగో అని రాసేవాళ్లు. 1789 విప్లవం వచ్చాక కాగోలు ఆ రికార్డుల్ని తగలబెట్టారని చరిత్రకారులు చెప్తారు. నా మటుకు నాకు యూరప్ నాగరికతలో చదవదగ్గ ఘట్టం అదే.

జర్మన్ ప్రాంతాల్లో ఇంకో రకం. అక్కడ తలారి, చచ్చిన పశువు తోలు ఒలిచేవాడు గౌరవం లేని మనుషులు. వాళ్ల కొడుకుల్ని చేతిపని సంఘాల్లో చేర్చుకోరు. వాళ్లతో కలిసి తాగినవాడికీ పరువు పోతుంది. 1731లో చక్రవర్తి శాసనం చేసి ఇట్లాంటి వృత్తులవాళ్ల పిల్లలకు సంఘాలు తెరిచాడు. తోలు ఒలిచేవాళ్లకు మాత్రం వెంటనే తెరవలేదు. శాసనంలో కూడా కింది మెట్టు కిందే ఉండిపోయింది.

ఇక రోమాలు, జిప్సీలంటే తెలుస్తుంది. వీళ్ల పూర్వీకులు సుమారు వెయ్యేళ్ల కిందట మన ఉత్తరాది నుంచి పోయినవాళ్లు. నీళ్లను పానీ అంటారు, ముక్కును నాక్ అంటారు. రోమ్ అన్న మాట మన డోమ్ అన్న కులం పేరు నుంచే వచ్చిందని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. ఇప్పటి రుమేనియాలో వీళ్లు బానిసలు. 1385 నాటి ఒక పత్రంలో టిస్మానా మఠానికి 40 జిప్సీ కుటుంబాలు దఖలుపడినట్టుంది. పొలాలూ మిల్లులూ రాసిచ్చినట్టు. దాదాపు 500 ఏళ్లు రాజులకు, దొరలకు, మఠాలకు ఊడిగం చేశారు. మొల్దావియాలో 1855లో, వలాకియాలో 1856లో విడుదలయ్యారు. నష్టపరిహారం యజమానులకు ఇచ్చారు!

అంతకుముందు బ్రిటన్ చేసిందీ ఇదే. 1833 చట్టంతో బానిసల యజమానులకు 2 కోట్ల పౌన్లు కేటాయించింది. బానిసలకు దమ్మిడీ లేదు. ఆ అప్పు పూర్తిగా తీరింది 2015లో. చెరకు తోటల్లో చేతులు కరువయ్యాక మారిషస్‌కు కూలీల్ని ఎత్తుకుపోయిన రేవుల్లో మన కాకినాడ పక్కన కోరంగి ఒకటి. ఆ అప్పుల పద్దులో మన తాతల చెమట కూడా ఉందన్నమాట.

ఇరవయ్యో శతాబ్దంలో నాజీలు లక్షల మంది రోమాల్ని చంపారు. రెండు లక్షల నుంచి అయిదు లక్షల దాకా లెక్కలు చెప్తారు. అది జాతి హత్య అని పశ్చిమ జర్మనీ ప్రభుత్వం ఒప్పుకున్నది 1982లో. 1999 అక్టోబరులో చెక్ దేశంలోని ఊస్తీ పట్టణంలో రోమాల ఇళ్లకు అడ్డంగా గోడ కట్టారు. దేశదేశాల్లో గొడవయింది, నవంబరులో తీసేశారు.

గోడ తీశారు, బడి సంగతి వేరు. అదే దేశంలో ఓస్ట్రావా పట్టణంలో రోమా పిల్లల్ని బుద్ధి చాలని పిల్లల కోసం పెట్టిన బళ్లల్లో వేసేవాళ్లు. పరీక్ష పెడతారు, నీకు తెలివి లేదంటారు, అక్కడికి పంపుతారు. 18 మంది పిల్లలు ఒప్పుకోలేదు. దేశంలో కోర్టులు కాదన్నాయి. 2000లో స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల కోర్టుకు పోయారు. 2006లో అక్కడా ఓడిపోయారు. మళ్లీ పెద్ద బెంచికి వెళ్లారు. 2007 నవంబరు 13న 17 మంది జడ్జీల్లో 13 మంది ఇది వివక్షే అన్నారు. ఒక్కొక్కరికి 4 వేల యూరోలు ఇమ్మన్నారు. ఫిర్యాదు పెట్టిననాడు వాళ్లు బడికి పోయే పిల్లలు. తీర్పు వచ్చేనాటికి బడి ఈడు దాటిపోయింది.