పీఠాధిపతియు రాజ్యకాంక్షయు



మతగురువు రాజ్యమును కోరుట లోకమునకు క్రొత్త కాదు. బాహాటముగా కోరినవానితో చిక్కులేదు. ప్రజలు ఇయ్యవచ్చును, మానవచ్చును. కోరికను కడుపులో దాచుకొని, పెదవులపై శాంతివచనములు నిలుపువానిని గుర్తించుట యెట్లు? నేటి ప్రసంగమున నేను విచారింపబూనినది ఇదియే. ఇందులకు నేను గైకొన్న దృష్టాంతము పురాణములోనిది కాదు, పిల్లలాడుకొను వీడియో గేములోనిది. నవ్వవలదు. ముప్పదియైదేండ్లు పాఠములు చెప్పినవాడను. కథ యే గాదెనుండి వచ్చినను చేటలో పోసి చెరుగుట నాకలవాటు.

ఆ యాట పేరు ‘ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్’. జపాను దేశమున స్క్వేర్ అను సంస్థవారు దీనిని 1997లో వెలువరించిరి. కథ కూర్చినవాడు యసుమి మట్సునో. 2025లో ఇది క్రొత్తరూపమున మరల వెలువడినది. చదరంగపు పలకవంటి గళ్ల నేలపై సైనికులను వంతుప్రకారము నడుపుట ఇందలి పని. నడుమనడుమ నాటకమువలె కథ సాగును. మా మనుమడు ఆడుచుండగా ప్రక్కన కూర్చుండి, సంభాషణముల యర్థమడిగి, నేనా కథను తెలిసికొంటిని.

ఐవలీస్ అనునది కల్పితరాజ్యము. పొరుగునున్న ఆర్డాలియాతో ఏబదియేండ్లు పోరి అది అలసిపోయినది. బొక్కసము వట్టిపోగా, జీతములందని సైనికులు దారిదొంగలైరి. ఇంతలో రాజు మరణించెను. కొమారుడు పసివాడు. శిశువు పక్షమున మేనమామయగు లార్గ్ ప్రభువు నిలిచెను. రాజకుమారి ఒవీలియా పక్షమున గోల్టానా ప్రభువు నిలిచెను. ఒకని ధ్వజమున తెల్లసింహము, వేరొకని ధ్వజమున నల్లసింహము. ఇంగ్లండున 15వ శతాబ్దమునందు ఎఱ్ఱగులాబి, తెల్లగులాబి గుర్తులుగా రెండు రాజవంశములు పోరిన చరిత్రను ఈ కలహము తలపించును.

ఆ దేశమునకెల్ల గ్లాబడోస్ మతపీఠ మొక్కటే పూజ్యము. దాని యధిపతి మార్సెల్ ఫ్యూనెబ్రిస్ అను వృద్ధుడు. పీఠము పైకి ఏ పక్షమునకును చెందదు. కథ నడచినకొలది తెర తొలగును. ఇరువురు ప్రభువులును ఒకరినొకరు నాశనము చేసికొనవలెను. యుద్ధముచే విసిగిన జనులు పీఠమునే శరణు చొరవలెను. అపుడు కిరీటమెవని శిరముననున్నను అధికారము పీఠమునదే కావలెను. ఇదియే గురువు పన్నుగడ. డెలీటా అను యువకుడు పీఠము పంపున గోల్టానా పక్షమున చేరెను. పూర్వము పండ్రెండు రాశుల పేరిట వీరులుండిరని, వారు లోకమును కాచిరని జనులలో ఒక గాథ కలదు. గురువు ఆ రాశిశిలలను వెదకించి, ఆ వీరులను మరల నిలిపి, జనులను తనవంక త్రిప్పుకొనజూచెను. అనగా రాజ్యము కొఱకు భక్తినే పెట్టుబడి చేసెను. తుదకు ప్రభువులిరువురును శత్రువుచేత గాక తమవారి చేతనే కూలిరి.

ఇచ్చట పంచతంత్రము స్మరణకు వచ్చును. ఒక తొఱ్ఱకొఱకు కపింజలమునకును కుందేటికిని తగవు పుట్టెను. అవి ధర్మము చెప్పుమని, నదీతీరమున తపసు నటించు పిల్లి కడకు పోయినవి. చెవులు సరిగా వినబడవు, దగ్గరకు రండని పిల్లి పిలిచి, రెంటిని భక్షించినది. ఫ్యూనెబ్రిస్ ఆ పిల్లికంటె నేర్పరి. ఆతడు తన గోరు తడియకుండ చూచుకొనెను. కౌటిల్యుడును అర్థశాస్త్రమున గూఢచారులను చెప్పుచు, తపస్వివేషధారులను వారిలో నొక తెగగా లెక్కించెను. కాషాయము ప్రమాణము కాదని మన పెద్దలు ఏనాడో యెరుగుదురు.

ఇక గుర్తుల మాట. మొదటిది: కలహము పెరిగినకొలది ఎవని గౌరవము పెరుగుచున్నదో చూడవలెను. ఇరుపక్షములును చితికి, మధ్యవర్తి యొక్కడే బలిసినచో, ఆతడు మధ్యవర్తి కాడు, మూడవ పక్షము.

రెండవది: ఆతడు ఏ గ్రంథమును మూసియుంచెనో చూడవలెను. ఆ పీఠము దైవాంశగా పూజించు అజోరా అను మహాపురుషుడు నిజముగా అట్టివాడు కాడని తెలుపు ప్రాచీనగ్రంథ మొకటి కలదు. సైమన్ అను వృద్ధసన్న్యాసి దానిని మఠమున దాచి, మరణకాలమున కథానాయకుడగు రామ్జాకు అప్పగించెను. ప్రశ్నించిన రామ్జాపై పీఠము మతద్రోహి యను ముద్ర వేసెను. సమాధానము చెప్పజాలనివాడు ప్రశ్నించినవానినే నిందించును.

ఈ కథ మతమును దూషించుచున్నదని కొందరనవచ్చును. నాకట్లు తోచలేదు. గ్రంథమును కాపాడిన సైమనును ఆ మతమువాడే. సత్యమును దాచినవాడు, కాచినవాడు ఇరువురును ఒక్క గూటివారే. దోషము పీఠముది కాదు, దానిని నిచ్చెనగా వాడుకొన్నవానిది.

ఫలమేమైనది? పనిముట్టని తలచిన డెలీటా రాజ్యమును పీఠమున కీయక, ఒవీలియాను పెండ్లాడి తానే రాజాయెను. పీఠపు యోధులకు నాయకుడగు ఫోల్మార్వ్ రాశిశిలయందలి పిశాచమునకు లోబడినవాడై, గురువునే పొడిచెను. గురువు పెంచిన పాము గురువునే కరచెను. అయినను సత్యము వెంటనే గెలువలేదు. జరిగినదెల్ల వ్రాసి వెల్లడించిన ఆరన్ డురాయ్ అనువానిని పీఠమువారు సజీవదహనము చేసిరి. నాలుగువందల యేండ్లకు ఆతని వంశీయుడు అరజ్లామ్ ఆ పత్రములను వెలికితీసి మనకు కథ చెప్పుచున్నాడు.

గ్రామపెద్దలగు మీకు నా మనవి యొక్కటే. గుడిమాన్యపు తగవులోగాని, గట్టు తగవులోగాని తీర్పు చెప్పుటకు వచ్చినవాని వేషమును నమస్కరింపుడు. లెక్కను మాత్రము అడుగుడు. తీర్పును వ్రాయించి, ఇరుపక్షములకును ప్రతులిప్పించి, ఒక ప్రతిని పదిమంది చూడగలచోట నుంచుడు. మంచి గురువు దీనికి కోపగింపడు. కోపగించినచో మీరు తెలిసికొనవలసినది తెలిసినట్లే.