కొండదారిలో ఊపిరి జాగ్రత్త

సెలవుల్లో హిమాలయాలకు వెళ్లే కుటుంబాలు మన ప్రాంతంలో కూడా ఎక్కువయ్యాయి. మీ ఇంట్లో ఆయాసం, గుండెజబ్బు, షుగరు ఉన్నవారు కూడా బయలుదేరవచ్చు. అందుకని ఈ రోజు ఒక దారి గురించి చెబుతాను.

హిమాచల్ ప్రదేశ్‌లో చంద్రతాల్ అనే సరస్సు ఉంది. ఎత్తు సుమారు 4,300 మీటర్లు. దానికి కొంత దూరంలో గుడారాల్లో బస చేస్తారు. మనాలి ఎత్తు సుమారు 2,050 మీటర్లు మాత్రమే. 2020లో అటల్ సొరంగం తెరిచాక ఉదయం మనాలిలో బయలుదేరినవారు సాయంత్రానికి గుడారం చేరుతున్నారు. ఒక్క పగటిలో రెండు వేల మీటర్లు పైకి! ప్రమాదమంతా ఇక్కడే ఉంది.

గ్రాంఫూ దాటాక దారి చాలాచోట్ల రాళ్లూ గుంతలే. బాతల్ నుండి చివరి 14 కిలోమీటర్లు ఇరుకైన మట్టిదారి. మధ్యాహ్నం ఎండకు మంచు కరిగి వాగులు పొంగుతాయి. కాబట్టి తెల్లవారుజామునే బయలుదేరాలి. చాలా దూరం ఫోను పనిచేయదు. 2023 జూలైలో మంచు, వర్షాల వల్ల అక్కడ పర్యాటకులు రోజుల తరబడి చిక్కుకుపోయారు. రెండు మూడు రోజులకు సరిపడా మందులు అదనంగా ఉంచుకోండి.

ఆ ఎత్తులో ప్రతి శ్వాసలో అందే ప్రాణవాయువు సముద్రమట్టంలో అందేదానిలో సుమారు 60 శాతమే. శరీరం అలవాటు పడటానికి రోజులు కావాలి. 3,000 మీటర్లు దాటాక ప్రతి రాత్రి పడుకునే చోటు ముందు రాత్రి కంటే 500 మీటర్లకు మించి ఎత్తు పెరగకూడదు. షిమ్లా, కిన్నౌర్ మీదుగా నెమ్మదిగా కాజా చేరి, అక్కడ రెండు మూడు రాత్రులు ఆగడం మేలు.

ఏమి గమనించాలి?

1. తలనొప్పి, వికారం, నిద్రలేమి ఉంటే ఇంకా పైకి వెళ్లవద్దు. మద్యం, నిద్రమాత్రలు వద్దు.
2. కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, నురగతో కూడిన కఫం ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని అనుమానించాలి.
3. తూలుతూ నడవడం, మాటలో తికమక ఉంటే మెదడు వాచిందని అనుమానించాలి. తిన్నగా గీతమీద నడవమనండి. నడవలేకపోతే ఆలస్యం చేయవద్దు.

చివరి రెండింటికీ అసలు వైద్యం వెంటనే కిందికి దిగడమే. ఆక్సిజన్ ఉంటే ఇవ్వండి, కానీ దాన్ని నమ్ముకొని ఆగిపోవద్దు. చంద్రతాల్ నుండి కాజా వైపు వెళితే 4,500 మీటర్లు దాటిన కుంజుం కనుమ ఎక్కవలసి వస్తుంది. కాబట్టి రోగిని మనాలి వైపే దించాలి.

ఉబ్బసం ఉన్నవారు ఆ దుమ్ములో ఇన్‌హేలర్ చేతిలోనే ఉంచుకోవాలి. ఇన్సులిన్ గడ్డకట్టనివ్వకూడదు, లోపలి జేబులో పెట్టుకోండి. గుండెజబ్బు, తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు, సికిల్‌సెల్ ఉన్నవారు, గర్భిణులు డాక్టరును అడగకుండా బయలుదేరవద్దు. ఎసిటజోలమైడ్ మాత్ర కూడా డాక్టరు చెబితేనే వాడాలి.

చివరగా ఒక మాట. జబ్బుపడిన వ్యక్తి "నాకేం కాలేదు" అనే అంటారు, పదిమంది ప్రయాణం పాడుచేయడం ఇష్టంలేక. కాబట్టి వెనక్కి తిరిగే నిర్ణయం వారిమీద పెట్టవద్దు. ఎవరికి బాగాలేకపోయినా బండి తిప్పుదామని ఇంటి దగ్గరే అందరూ మాట అనుకోండి. సరస్సు వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటుంది. మన మనిషి మనకు ముఖ్యం.