బావి తవ్వించిన ఫాదర్

గుడిబండ దారిలో మనం చూసేది ఎర్రనేల, చెనిక్కాయ చేలు, ఎండిన బోర్లు. పాత అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తం కురిసే వాన దాదాపు 550 మిల్లీమీటర్లే!

ఈ కరువు సీమకు 1969లో ఒక జెసూట్ ఫాదర్ వచ్చారు. పేరు విన్సెంట్ ఫెర్రర్, పుట్టింది స్పెయిన్‌లో. అంతకుముందు మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతులచేత బావులు తవ్వించారు. అక్కడి పెద్దలకు అది గిట్టలేదు. 1968లో ప్రభుత్వం ఆయన్ను దేశం విడిచి పొమ్మంది. అప్పుడు వేలమంది రైతులు ఆయన్ను పంపొద్దని బొంబాయి దాకా నడిచారు. అర్జీ అంటే అదీ!

1969లో తిరిగొచ్చి అనంతపురంలో ఆర్.డి.టి. (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) మొదలుపెట్టారు. మరుసటి ఏడు జెసూట్ సంఘాన్ని వదిలేశారు. సంస్థకు మతం ముద్ర వేయలేదు. చెక్‌డ్యాములు, పండ్లతోటలు, డ్రిప్పు పైపులు పల్లెపల్లెకూ చేరాయి. భూమి మనందరి ఇల్లని, దాన్ని కాపాడుకోవాలని పోప్ ఫ్రాన్సిస్ లేఖ రాసింది 2015లో. ఇక్కడ ఆ పని అప్పటికే ఎన్నో ఏళ్లుగా సాగుతోంది.

2009లో ఫెర్రర్ అనంతపురంలోనే కన్నుమూశారు.

ఆయన చూపిన దారిలోనే, చర్చిలోనో గుడిలోనో ఈ వారం నలుగురు కలిసినప్పుడు మీ ఊరి కుంట మాటెత్తండి. వానలకు ముందే పూడిక తీయించమని పంచాయతీకి అర్జీ ఇవ్వండి.