పసిబిడ్డల యెఱ్ఱమచ్చలు
(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున గావించిన ప్రసంగ పాఠము)

వాషర్‌మెన్‌పేటలోని మన తెలుగు కుటుంబములలో పసిబిడ్డను పెంచునది తల్లి యొక్కతెయే కాదు. బడికి వచ్చు అక్కయు, అన్నయు చంకనెత్తుకొని తిరుగుదురు. కావున మా మాటలు బాలబాలికలు సైతము వినదగినవి.

బిడ్డ పుట్టిన కొలది దినములకో, వారములకో మేనిపై కుంకుమబొట్టంత యెఱ్ఱని మచ్చ కనబడి, చూచుచుండగనే ఉబ్బి గడ్డ యగుట కలదు. తల్లి గ్రహణమునాడు గోకికొన్నందున వచ్చినదని పెద్దలందురు. అందు నిజము లేదు. తల్లి చేసిన తప్పేమియు లేదు. సన్నని రక్తనాళముల లోపొర కణములు మితిమీరి పెరుగుటచే నిది యేర్పడును. వైద్యులు దీనిని హెమాంజియోమా యందురు. ఇది కేన్సరు కాదు, అంటువ్యాధియు కాదు. నూటికి నలుగురైదుగురు శిశువులలో నుండును. ఆడపిల్లలలోను, నెలలు నిండక పుట్టినవారిలోను హెచ్చు.

దీనిని గుర్తించుట యెట్లు? దాని నడకయే గుర్తు. పుట్టిననాడు కనబడదు, లేదా లేతమరకగా నుండును. రెండవ నెలలో వేగముగ పెరుగును. ఐదవ నెలకు పెరుగుదల చాలవరకు ముగియును. ఏడాది పిదప మెల్లమెల్లగా కరగును. పుట్టుకతోనే యుండి, బిడ్డతోపాటు మాత్రమే పెరుగు చదునైన ఊదామచ్చ వేరు. అది తనంతట పోదు; దానికి లేజరు చికిత్స కావలెను. ఈ భేదమును 1982లో బోస్టను పరిశోధకులు మల్లికెన్, గ్లోవాకీ స్పష్టపరచిరి.

“తనంతట పోవును” అను మాట పెక్కుమంది బిడ్డల యెడ నిజమే. అందరి యెడ కాదు. మేమెరిగిన యొక తల్లి ఆ మాటనే నమ్మి ఆరు నెలలు వేచియుండెను. రెప్పపై గడ్డ కంటిని మూసివేసెను. కన్ను చూపు నేర్వవలసిన కాలమున దానికి వెలుగు అందలేదు. పిదప గడ్డ కరగినను చూపు పూర్తిగా రాలేదు. ఆ తల్లి యశ్రద్ధ చేయలేదు. ఆమెకు వేళకు చెప్పినవారు లేరు.

కనుక కన్ను, ముక్కు, పెదవి, గడ్డము, నడుము దిగువ భాగము వీనిపై మచ్చ యున్నను, ముఖమున విశాలముగా వ్యాపించినను, పుండు పడినను, మచ్చలు ఐదు లేక అంతకు మించినను మొదటి నెలలోనే వైద్యునికి చూపవలెను. మచ్చలు పెక్కు లున్నచో కాలేయమును స్కానింగు చేసి చూతురు. ఊపిరిలో గురక వినబడినచో గడియయైనను ఆగరాదు.

చికిత్స కథ ముచ్చటైనది. 1960 దశకమున జేమ్స్ బ్లాక్ గుండెజబ్బులకై ప్రొప్రనొలాలును కనిపెట్టెను. 1988లో నోబెల్ బహుమతి నందెను. ఫ్రాన్సులోని బోర్డోలో గుండెకై ఆ మందిచ్చిన శిశువు గడ్డయు తగ్గుట చూచి, డాక్టరు క్రిస్టీన్ లెయోతే-లాబ్రెజ్ బృందము 2008లో ఆ సంగతి ప్రకటించెను. నేడు ముఖ్యమైన చికిత్స ఇదియే. గుండెను పరీక్షించి, బరువును బట్టి, సాధారణముగ ఆరు నెలలకు తక్కువ కాకుండ ఇత్తురు. పాలు త్రాగించియే మందు వేయవలెను. బిడ్డ పాలు త్రాగనినాడు ఆపి వైద్యుని నడుగవలెను. లేనిచో రక్తమున చక్కెర పడిపోవును. పలుచని చిన్నమచ్చలపై టిమొలాలు చుక్కలు చాలును. వాతలు పెట్టరాదు, ఆకుపసరులు పూయరాదు. రక్తము కారినచో శుభ్రమైన గుడ్డతో పది నిమిషములు అదిమి పట్టవలెను.

మన పేటకు చేరువనే స్టాన్లీ ప్రభుత్వ ఆసుపత్రి కలదు. ఎగ్మూరున ప్రభుత్వ శిశువైద్యశాల కలదు.

బాలబాలికలారా! మీ యింట పసిబిడ్డకు మచ్చ కనబడినచో ఆ తేదీ వ్రాసియుంచుడు, వారమునకొకసారి ఫోటో తీయుడు, అమ్మతో చెప్పుడు. వైద్యునికి ఆ తేదీలును, ఆ ఫోటోలును ఎంతో తోడ్పడును. మీరు నేర్చిన చదువు తమ్ముని కంటిచూపును కాపాడినచో అంతకు మించిన బహుమతి ఈ వేదికపై లేదు. సెలవు.