మన గుండెను మనము ఎరుగుదుమా?

(సంఘ కుటుంబముల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



హృదయమును గూర్చి మేము ఈ వేదిక మీదనుండి ఎన్నోసార్లు మాట్లాడినాము. విరిగిన హృదయము, కఠిన హృదయము, శుద్ధ హృదయము అని వేదాంత కళాశాలలో నేర్చుకొనిన విధముగా బోధించుచు వచ్చినాము. నేడు మాత్రము రొమ్ములో కొంచెము ఎడమవైపునకు ఒరిగి, పిడికిలి అంత ఉండి, దినమునకు సుమారు లక్ష సార్లు కొట్టుకొనుచున్న ఆ కండరమును గూర్చి మాట్లాడదలచినాము. మేము వైద్యులము కాము. అయినను ఈ సంగతి మాట్లాడుటకు మాకొక కారణమున్నది.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ఆదివారము ఉదయము మన సంఘ పెద్దలలో ఒకరు ఆరాధనకు ముందు వెస్ట్రీలోనికి వచ్చి, "అయ్యగారూ, తెల్లవారుజామునుండి రొమ్ము బరువుగా ఉన్నదండి. గ్యాస్ అనుకుంటాను. సోడా త్రాగినా తగ్గలేదు. కాస్త ప్రార్థన చేయండి" అన్నారు. ఆయన వయస్సు 48. ముఖమంతా చెమట. మేము భుజముమీద చేయి వేసి ప్రార్థన చేసి, ఇంటికి వెళ్ళి విశ్రాంతి తీసుకొమ్మని చెప్పినాము. ఆయన వెళ్ళలేదు. కానుక పట్టినారు. చివరి కీర్తన వరకు నిలుచున్నారు. సాయంకాలమునకు లేరు.

ఆయన భార్య మమ్మును ఒక్క మాటయు అనలేదు. అనియుంటే మాకు కొంత తేలికగా ఉండేదేమో. ప్రార్థన చేయుట తప్పు కాదు. చేసిన వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోకుండుట మా తప్పు. ఆ చెమట ఏమి చెప్పుచున్నదో అప్పుడు మాకు తెలియదు. తరువాత పుస్తకములు చదివి, మన సంఘములోని డాక్టర్లను, నర్సులను అడిగి తెలిసికొనినది నేడు మీ ముందుంచుచున్నాము.

గుండె శరీరమంతటికి రక్తమును పంపుచున్నది. తన కండరమునకు కావలసిన రక్తమును మాత్రము కరోనరీ ధమనులనెడి సన్నని నాళముల ద్వారా పొందుచున్నది. ఆ నాళముల గోడలలో ఏండ్ల తరబడి క్రొవ్వు పేరుకొనును. పొలము కాలువలో ఒండ్రు పేరినట్లు దారి ఇరుకైపోవును. ఒకనాడు ఆ క్రొవ్వు గడ్డ పైపొర చిట్లి, దానిమీద రక్తము గడ్డకట్టి, కొద్ది నిమిషములలోనే నాళము మూసుకొనిపోవచ్చును. రక్తము అందని కండరము చచ్చిపోనారంభించును. దీనినే గుండెపోటు అంటాము. "నిన్నటివరకు బాగున్నాడు, హఠాత్తుగా పోయినాడు" అని సమాధుల తోటలో చెప్పుకొంటాము. పోటు వచ్చినది హఠాత్తుగానే. దాని పునాది మాత్రము ఇరువది ముప్పది ఏండ్లుగా పడుచున్నది.

ఈ సంగతి ఒకప్పుడు వైద్యులకే స్పష్టముగా తెలియదు. వయస్సుతోపాటు రక్తపుపోటు పెరుగుట సహజమని అనేకమంది డాక్టర్లు భావించేవారు. అమెరికా ప్రెసిడెంటు రూజ్‌వెల్టుకు 1944 మార్చిలో రక్తపుపోటు 186/108 ఉన్నట్లు కనుగొన్నారు. దానిని అదుపుచేయు మంచి మందులు అప్పటికి లేవు. 1945 ఏప్రిల్ 12న, 63 ఏండ్ల వయస్సులో, మెదడులో రక్తనాళము చిట్లి ఆయన మరణించినారు.

1948లో బోస్టన్ నగరమునకు సుమారు 20 మైళ్ళ దూరములోని ఫ్రామింగ్‌హామ్ అను పట్టణములో ఒక పరిశోధన ఆరంభమైనది. 30 నుండి 62 ఏండ్ల వయస్సుగల 5,209 మంది స్త్రీ పురుషులు అందులో చేరినారు. వీరు ఆ ఊరి సామాన్య ప్రజలు. రెండేండ్లకొకసారి వచ్చి పరీక్ష చేయించుకొనేవారు. ఎవరికి గుండెజబ్బు వచ్చినది, అంతకుముందు వారి శరీరము ఎట్లున్నది అని డాక్టర్లు సరిపోల్చి చూచినారు. రక్తపుపోటు, రక్తములో కొలెస్టరాల్, సిగరెట్టు అనువాటి అపాయము దీనివలన తేటపడినది. రిస్క్ ఫ్యాక్టర్లు అను మాట 1961లో ఆ పరిశోధకుల వ్యాసమునుండే ప్రచారములోనికి వచ్చినది. 1971లో వారి పిల్లలు, 2002లో మనుమలు కూడ చేరినారు. ఈనాడు మన చేతికి పట్టీ చుట్టి డాక్టరుగారు చూచే అంకెకు అర్థము చెప్పినవారిలో ఆ ఊరివారును ఉన్నారు.

తరువాత 52 దేశములలో జరిగిన మరొక పరిశోధన ఫలితములు 2004లో వెలువడినవి. మొదటి గుండెపోటు ప్రమాదములో సుమారు నూటికి 90 వంతులు తొమ్మిది కారణములతో ముడిపడియున్నవని అందులో తేలినది. మన దేశము, దాని పొరుగుదేశముల వారికి మొదటి గుండెపోటు సగటున 53వ ఏట వచ్చుచుండగా, తక్కిన దేశములవారికి 59వ ఏట వచ్చుచున్నదని దానిని ఆధారము చేసికొని 2007లో ప్రకటించినారు. అనగా మనకు ఆరేండ్లు ముందు. పిల్లల చదువులు, పెండ్లిండ్లు ఇంకను కాకముందే అన్నమాట.

ఆ కారణములలో మన ఇండ్లలో ఉన్నవాటిని చూతము.

మొదటిది రక్తపుపోటు. కోపిష్టివారికే బి.పి. ఉండునని మన అపోహ. ఎంతో శాంతపరులకును ఉండవచ్చును, బాధ ఏమియు తెలియకపోవచ్చును. మరల మరల చూచినను 140/90 గాని అంతకు మించి గాని ఉన్నచో డాక్టరు సలహా తప్పనిసరి. మాత్రలు వేసికొని అంకె దిగగానే "తగ్గిపోయినది" అని మానివేయువారు మనలో అనేకులు. దిగినది మాత్ర వలననే గదా!

రెండవది చక్కెరవ్యాధి. ఇది రక్తనాళములను పాడుచేయును. ఈ వ్యాధి ఉన్నవారికి గుండెపోటులో నొప్పి తెలియకపోవచ్చును. ఆయాసము, నీరసము, చెమట మాత్రమే ఉండవచ్చును. స్త్రీలలోను కొన్నిసార్లు ఇట్లే జరుగును. అమ్మలారా, ఇంటిల్లిపాదికి మందులు అందించి మీ ఆయాసమును దాచుకొనకండి.

మూడవది పొగాకు. బీడీయైనను, చుట్టయైనను, సిగరెట్టైనను గుండెకు ఒక్కటే. మానినవారికి ఒక్క సంవత్సరములోనే గుండెజబ్బు అపాయము, త్రాగుచున్నవారితో పోల్చిన, సుమారు సగమునకు తగ్గును. ఇది మంచి వార్త.

తరువాత మన భోజనము. ఉప్పు దినమునకు 5 గ్రాములలోపు, అనగా ఒక చిన్న చెంచాడు, ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. మనకు ఆవకాయ, అప్పడము, ఊరమిరపకాయలతోనే అది నిండిపోవును. పండ్లు, ఆకుకూరలు తక్కువ. నడక మరీ తక్కువ. వారమునకు 150 నిమిషముల చురుకైన నడక ఎక్కువేమి కాదు. తండ్రికి గాని అన్నదమ్ములకు గాని 55 ఏండ్లలోపు, తల్లికి గాని అక్కచెల్లెండ్రకు గాని 65 ఏండ్లలోపు గుండెజబ్బు వచ్చియుంటే మనము మరింత జాగ్రత్తపడవలెను.

"ఆయుష్షు దేవుని చేతిలోనిది, ఈ పరీక్షలెందుకు?" అని కొందరు అడుగుచున్నారు. అట్లు అడిగినవారే రోడ్డు దాటునపుడు రెండువైపుల చూచి దాటుచున్నారు. అది అవిశ్వాసమని ఎవరును అనరు. ఇదియు అట్టిదే.

రొమ్ములో బరువు, ఎడమచేతికి గాని దవడకు గాని ప్రాకు నొప్పి, చల్లని చెమట, ఆయాసము కనిపించిన యెడల గ్యాసా కాదా అని మనలో మనము తేల్చుకొనరాదు. ఇ.సి.జి. తీసి డాక్టరు తేల్చవలెను. మోటారుసైకిలుమీద తానే వెళ్ళరాదు. 108కి ఫోను చేయండి. మొదటి గంట మిక్కిలి విలువైనది.

మా సంగతియు చెప్పవలెను. ఆ పెద్ద మరణించిన తరువాతి వారము మేమును పరీక్ష చేయించుకొంటిమి. మాకు 44 ఏండ్లు, రక్తపుపోటు 156/98. అంతవరకు తలనొప్పి కూడ ఎరుగము. అప్పటినుండి రోజుకొక మాత్ర వేసికొనుచు, ఉదయము చెరువుగట్టు వరకు నడచుచున్నాము.

కాబట్టి మా మనవి ఇది. ప్రతి నెల మొదటి ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మన సంఘములోని నర్సులు వెస్ట్రీలో రక్తపుపోటు చూచుటకు ఒప్పుకొన్నారు. 30 ఏండ్లు దాటిన ప్రతివారును రండి. మీ అంకెను ఒక చిన్న పుస్తకములో వ్రాసికొనండి. ఫ్రామింగ్‌హామ్ ప్రజలు ముక్కు ముఖము తెలియని మనకొరకు రెండేండ్లకొకసారి వచ్చినారు. మన బిడ్డలకొరకు మనము నెలకొకసారి రాలేమా?

ఇకమీదట ఎవరైనను మా యొద్దకు వచ్చి రొమ్ము బరువుగా ఉన్నదని చెప్పినయెడల మేము తప్పక ప్రార్థన చేయుదుము. అయితే ఆ ప్రార్థన 108 బండిలో మీ ప్రక్కన కూర్చుండి చేయుదుము.

ప్రభువు మనకందరికి ఆరోగ్యమును, దానిని కాపాడుకొను బుద్ధిని అనుగ్రహించును గాక.