నడుస్తున్న పరిశోధనను దరఖాస్తులో ఎలా రాయాలి?



ఈనాటి ప్రసంగంలో ఒక చిన్న చిక్కు గురించి మాట్లాడుకుందాం. మీరు ఒక ప్రయోగశాలలో పరిశోధన ఇంటర్న్‌షిప్ చేస్తున్నారు. పని సగంలో ఉంది, ఫలితం తేలలేదు. ఇంతలో కళాశాల దరఖాస్తుకు గడువు దగ్గరపడింది. పూర్తికాని పనిని ఏమని రాయాలి?

మన దేశంలో ఇంటర్మీడియట్ తరువాత ఇంజినీరింగు, వైద్య కోర్సులలో చేరేవారికి ఈ ప్రశ్న ఎదురుకాదు. జేఈఈ, నీట్, ఈఏపీసెట్ వంటి పరీక్షలలో వచ్చిన ర్యాంకునే చూస్తారు. అందువల్ల మన చేసిన పనిని గురించి మనమే రాసుకునే అలవాటు మనకు తక్కువ. విదేశీ కళాశాలలకు దరఖాస్తు చేసేవారికి మాత్రం ఇది తప్పదు.

ముందుగా దరఖాస్తు స్వరూపం చూద్దాం. అమెరికాలో వెయ్యికి పైగా కళాశాలలు 'కామన్ అప్లికేషన్' అనే ఉమ్మడి దరఖాస్తును స్వీకరిస్తాయి. అందులో చదువుకు బయట మీరు చేసిన పనులకు 10 గడులు ఉంటాయి. ఒక్కో పనిలో మీ హోదా రాయడానికి 50, సంస్థ పేరుకు 100, వివరణకు 150 అక్షరాలే ఇస్తారు. మాటల మధ్య ఖాళీలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. అంటే వివరణ ఇంగ్లీషులో పాతిక మాటలకు మించదు. ఇంత ఇరుకులో విశేషణాలకు చోటు లేదు. చేసిన పనికే చోటు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నల్లగొండ ప్రాంతపు భూగర్భ జలాలలో ఫ్లోరైడ్ సమస్య మీకు తెలిసిందే. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఉండవచ్చనీ, వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు అనుమతించవచ్చనీ భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. ఒక విద్యార్థిని 40 బోరుబావుల నీటిని పరీక్షించే పనిలో చేరిందనుకుందాం. గడువు నాటికి 18 బావుల నమూనాలు సేకరించింది. వాటిలో 12 పరీక్షించింది.

ఆమె "ఫ్లోరైడ్ సమస్యపై పరిశోధించి పరిష్కారం కనుగొన్నాను" అని రాస్తే అది అబద్ధం. "ఫ్లోరైడ్ పరిశోధనలో పాల్గొంటున్నాను" అని రాస్తే అబద్ధం కాదు గాని, చదివేవారికి ఏమీ తెలియదు. "40 బావులలో 18 నమూనాలు సేకరించాను, 12 పరీక్షించాను, ఎలక్ట్రోడుతో ఫ్లోరైడ్ కొలుస్తున్నాను, మిగతావి జనవరికి" అని రాస్తే? పని ఎంతవరకు వచ్చిందో తెలుస్తుంది. రేపు ఇంటర్వ్యూలో "కొలిచే ముందు నీటిలో బఫరు ద్రావణం ఎందుకు కలుపుతారు?" అని అడిగినా, రోజూ చేసే పని కాబట్టి ఆమె తడుముకోదు.

ఇక్కడ భాషకు సంబంధించిన మెలకువ ఒకటుంది. తెలుగులో "రోజూ కొలుస్తాను" అంటాం, "రేపు కొలుస్తాను" అని కూడా అంటాం. అలవాటుకూ, రేపటి పనికీ మనకు ఒకటే రూపం. ఇంగ్లీషులో ఈ రెండూ వేరు. మనసులో తెలుగులో అనుకొని ఇంగ్లీషులో రాసేటప్పుడు, చేయబోయే పని చేస్తున్న పనిగా మారిపోయే ప్రమాదం ఉంది. అందుకే ముందుగా కాగితం మీద మూడు వరుసలు గీయండి: అయినది, అవుతున్నది, కావలసినది. ప్రతి పనినీ ఏదో ఒక వరుసలో వేసిన తరువాతే దరఖాస్తు ముట్టుకోండి.

గంటల లెక్కకూ ఇదే సూత్రం. వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని దరఖాస్తులో అడుగుతారు. జూన్‌లో మొదలుపెట్టి ఇప్పటికి 20 వారాలైతే 20 అనే వేయండి, 52 కాదు.

పరిశోధన పత్రం విషయంలో మరీ జాగ్రత్త అవసరం. రాస్తున్న పత్రం, పత్రికకు పంపిన పత్రం, పత్రిక అంగీకరించిన పత్రం, అచ్చయిన పత్రం – ఇవి నాలుగు వేర్వేరు మెట్లు. మీరున్న మెట్టు పేరే రాయండి.

పంపే ముందు ఆ వాక్యాన్ని మీ గైడుకు చూపించండి. దీనికి రెండు కారణాలు. ప్రచురణ కాని వివరాలు ప్రయోగశాలకు చెందినవి, వాటిని బయటపెట్టడానికి ఆయన అనుమతి కావాలి. పైగా సిఫారసు లేఖ ఆయనే రాస్తే, మీ మాటా ఆయన మాటా పక్కపక్కనే చదువుతారు. రెండింటికీ పొంతన లేకపోతే నష్టం మీకే. దరఖాస్తు చివర అందులోని వివరాలన్నీ నిజమని మీరు సంతకం చేస్తారు. తప్పని తేలితే ఇచ్చిన సీటును కూడా వెనక్కి తీసుకోవచ్చు.

దరఖాస్తు పంపిన తరువాత పని ముందుకు సాగితే తెలియజేసే దారులు కొన్నిచోట్ల ఉన్నాయి. మసాచుసెట్స్‌లోని ఎం.ఐ.టి. ఇందుకోసం ఫిబ్రవరిలో ప్రత్యేకంగా ఒక ఫారం పూర్తి చేయిస్తుంది. కాబట్టి రేపటి ఫలితాన్ని ఈరోజే అరువు తెచ్చుకోనవసరం లేదు.

పని పూర్తికాలేదని సిగ్గుపడకండి. ఏ ప్రయోగశాలలోనైనా ఏదో ఒక పని సగంలోనే ఉంటుంది. మీరు ఎంతదూరం వచ్చారో మీకు స్పష్టంగా తెలుసునా అన్నదే ముఖ్యం. ఈరోజు నుంచే ఒక నోటుబుక్కు పెట్టి, తేదీ వేసి, చేసిన పని రెండు వాక్యాలలో రాసుకోండి. గడువు వచ్చేసరికి మీ దరఖాస్తుకు కావలసిన మాటలు అందులోనే దొరుకుతాయి.