పచ్చి తిండి – పచ్చి నిజం
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. నేను డాక్టర్ని కాను. హైస్కూల్లో సైన్సు చెప్పిన మేష్టార్ని. అందుకని మా ఇంట్లో జరిగిన సంగతితోనే మొదలుపెడతాను.

మా చాచాకు షుగరు వ్యాధి. వండిన తిండి చచ్చిన తిండి అనీ, పచ్చివి తింటే మాత్రలతో పని లేదనీ ఆయనకెవరో చెప్పారు. పొద్దున మొలకలు, మధ్యాహ్నం పచ్చికూరలు, రాత్రి పండ్లు. నెల తిరిగేసరికి ఒళ్లు తేలికపడిందని సంతోషించారు. ఆ సంతోషంలో మాత్రలు మానేశారు. తరవాత కాలి వేలికి తగిలిన చిన్న దెబ్బ ఎంతకీ మానలేదు. చివరికి వేలు తీసేయవలసి వచ్చింది. "కీరా, క్యారెట్టు నన్నింత చేశాయా బేటా?" అని అడిగారు. "అవి కాదు చాచా, మాత్ర మానడం చేసింది" అన్నాను.

కనుక ఇలాంటి మాట విన్నప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలని మనవి చేస్తున్నాను.

మొదటిది: ఏ పదార్థం గురించి చెబుతున్నారు? వేడికి విటమిన్ సి చాలావరకు పోతుంది. జామ, ఉసిరి, నిమ్మ పచ్చిగా తీసుకోవడం మంచిదే. కాని క్యారెట్టులోని కెరోటిన్, టమాటాలోని లైకోపీన్ ఉడికించి, కాస్త నూనె తగిలిస్తేనే ఎక్కువగా ఒంటబడతాయి. గుడ్డు ఉడికిస్తే అందులోని మాంసకృత్తులు దాదాపు 90 శాతం జీర్ణమవుతాయి, పచ్చిగా తాగితే సుమారు సగమే. రాజ్మా గింజలు సరిగా ఉడకకపోతే వాంతులు పట్టుకుంటాయి. అంటే "పచ్చివన్నీ మంచివి" అన్న మాట నిలవదు.

రెండోది: చెప్పే కారణం సరైనదేనా? వండితే ఎంజైములు చచ్చిపోతాయంటారు. నిజమే. అయితే ఎంజైములు కూడా మాంసకృత్తులే. పచ్చిగా తిన్నా అవి చాలావరకు కడుపులోని ఆమ్లంలోనే విరిగిపోతాయి. మనకు కావలసిన జీర్ణరసాలను మన శరీరమే తయారుచేసుకుంటుంది.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది: దీనివల్ల వచ్చే నష్టం కూడా చెప్పారా? 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా వ్యాపించిన సూక్ష్మజీవులవల్ల 50 మందికి పైగా చనిపోయారు. ఆ దేశంలోనే 1999లో వెలువడిన ఒక పరిశీలన ప్రకారం, ఎక్కువ భాగం పచ్చి తిండితో బతికే 45 ఏళ్లలోపు స్త్రీలలో సుమారు 30 శాతం మందికి నెలసరి తప్పడమో, పూర్తిగా ఆగిపోవడమో జరిగింది. కాచని పాలు తాగితే బ్రూసెల్లా జ్వరం రావచ్చు. గర్భిణీలు, పసిపిల్లలు, ముసలివాళ్లు ఉన్న ఇంట్లో మొలకల్ని బాగా ఉడికించి పెట్టడం, పాలు కాచి ఇవ్వడం క్షేమం.

మరి చాచా ఒళ్లు తేలికపడిన మాట? అదీ నిజమే. పచ్చికూరలు మొదలుపెట్టినప్పుడు ఆయన మిఠాయిలు, వేపుళ్లు, రెండోసారి వడ్డించుకునే అన్నం మానేశారు. మేలు చాలావరకు అక్కడినుంచే వచ్చి ఉంటుంది. రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అన్నీ పచ్చిగానే తినాలని చెప్పలేదు.

మన దస్తర్ఖాన్ మీద పులావు పక్కన కచుంబర్ ఎప్పుడూ ఉన్నదే. దాన్ని మంచి నీళ్లతో కడిగి, ఇంకొంచెం ఎక్కువ పెట్టుకుందాం. పులావు ఇంకొంచెం తగ్గిద్దాం. డాక్టరు రాసిన మాత్రను మాత్రం డాక్టరు చెప్పకుండా మానవద్దు.

చాచా ఇప్పటికీ రోజూ కీరా తింటున్నారు. తిన్నాక మాత్ర వేసుకుంటున్నారు.